గుడ్లక్క నీళ్ళ క్యాను

సోమవారం పొద్దున ఆసుపత్రి గేటులోకి వచ్చే జనమంతా మందుల సంచులతోనో ఎక్స్‌రే కవర్లతోనో వస్తే, ఒక మనిషి మాత్రం కోడిగుడ్ల అట్టలతో వచ్చేది. ఒకదాని మీద ఒకటి రెండు అట్టలు, పై అట్టకి గడ్డం ఆనించి, కాళ్ళతోనే మెట్లు వెతుక్కుంటూ.

"ఏం గుడ్లక్కా, ఈ వారమైనా మాకో ఆమ్లెట్టు పడుతుందా?" అనేవాడు వాచ్‌మన్.

"ముందు నీ కళ్ళె డబ్బాలో ఉమ్మి ఇచ్చెళ్ళు. అందులో ఏం మొలుస్తుందో చూసి వేస్తాను."

వాడు రెండడుగులు వెనక్కి వేసేవాడు. ఇరవై ఏళ్ళుగా అదే వేళాకోళం, అదే జవాబు. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు.

ఆ గుడ్లు మనుషుల కోసం కాదు, టీబీ సూక్ష్మజీవి కోసం. దానికి గుడ్డు సొన ఇష్టం. గుడ్లని సబ్బుతో తోమి, స్పిరిట్‌లో ముంచి, ఒక్కొక్కటే పగలగొట్టి వాసన చూసి, గుడ్డలో వడకట్టి, ఆకుపచ్చ రంగు కలిపి, చిన్న చిన్న సీసాల్లో పోసి, ఏటవాలుగా పడుకోబెట్టి వేడి పెట్టెలో గట్టిపడనివ్వాలి. రోగి కళ్ళెని మందుతో, కడుగునీళ్ళతో శుభ్రం చేసి ఆ సీసాలో వేస్తే, లోపల సూక్ష్మజీవి ఉన్నదైతే మూడు వారాలకో ఆరు వారాలకో పైకి మొలుస్తుంది. అప్పుడు అదేమిటో చెప్పొచ్చు. ఇప్పుడు రెండు గంటల్లో చెప్పే యంత్రాలు వచ్చాయి. ఈ సంగతి జరిగినప్పుడు ఆ ఆసుపత్రికి అవి రాలేదు.

పాతికేళ్ళప్పుడు ఆమె ఆ ల్యాబులో సీసాలు కడగడానికి చేరింది. చదివింది పదో తరగతి. మిగతాదంతా అక్కడి ముసలి టెక్నీషియన్ దగ్గర చూసి నేర్చుకుంది. ఆయన్ని అందరూ మాస్టారనేవారు. మంచిమాట అరుదుగా, తిట్టు ధారాళంగా వచ్చేది ఆయన నోట. ఆమె చేరిన మూడో నెలలో ఒకరోజు, పరీక్షకి వచ్చిన నలభై స్లైడుల్లో నలభైకీ మైక్రోస్కోపు కింద ఎర్ర పుల్లలు కనిపించాయి. నీలం రంగు మీద ఎర్రటి పుల్లలు కనిపిస్తే టీబీ అని లెక్క. మాస్టారు నలభై రిపోర్టులూ చింపేసి, స్లైడులు కడిగే నీళ్ళ డ్రమ్ము దగ్గరికి ఆమెని లాక్కెళ్ళాడు.

"ఊరందరికీ ఒక్కరోజే టీబీ వస్తుందా? ఇందులో ఉన్నాయి చూడు. టీబీకి దూరపు చుట్టాలు. కుళాయిల్లో, గొట్టాల్లో కాపురముంటాయి. చూడ్డానికి అచ్చం అలాగే ఉంటాయి. నీకూ నాకూ ఏమీ చెయ్యవు. ఒంట్లో సత్తువ పూర్తిగా అడుగంటిన మనిషి దొరికితే మాత్రం వదలవు. అందుకని, నీళ్ళు పట్టే పని ఎవరికీ ఒప్పజెప్పకు. కడుగునీళ్ళు నువ్వే ఆవిరి యంత్రంలో పట్టు, నువ్వే పెద్ద ప్రెషర్ కుక్కర్లో ఉడికించు, నువ్వే క్యానులో పొయ్యి."

అప్పటినుంచీ ఆ క్యాను ఆమెదే. నింపినప్పుడల్లా దాని మీద తెల్ల కాగితం ముక్క అంటించి తేదీ, వేళ రాసేది. క్యాను మళ్ళీ నింపేటప్పుడు పాత కాగితం తడిసి ఊడిపోయేది, కొత్తది అంటించేది. పాతవి ఎవరూ దాచలేదు. దాచాల్సి వస్తుందని ఎవరనుకున్నారు?

తరవాత హెచ్ఐవీ వార్డు తెరిచారు. సత్తువ అడుగంటిన మనుషులంటే ఎవరో ఆమెకి అప్పుడు తెలిసింది. ఆ వార్డు నుంచి వచ్చే కళ్ళె డబ్బాల్లో ఎర్ర పుల్లలు కనిపిస్తే, పదిమందిలో తొమ్మిదిమందికి టీబీయే. పదో మనిషికి ఆ దూరపు చుట్టం. ఇద్దరి స్లైడులూ ఒక్కలాగే ఉంటాయి, మందులు వేరు. టీబీ మాత్రలు మింగించినకొద్దీ పదో మనిషి ఎండిపోతాడు. అందరూ అతన్నే తిడతారు, మాత్రలు పారేస్తున్నావని. ఆ పదో మనిషిని పట్టుకోవడమే గుడ్లక్క పని. ముప్పై నాలుగేళ్ళలో ఎంతమందిని పట్టుకుందో ఆమె లెక్క రాసుకోలేదు. జారిపోయిన ఇద్దరు మాత్రం బాగా గుర్తు.

ఆమెకి పిల్లల్లేరు. అన్నయ్య కూతురు చిన్నప్పటినుంచీ ఆమె చేతుల్లోనే పెరిగింది. డిప్లొమా చదివించిందీ, ఇదే ల్యాబులో టెంపరరీ పోస్టు వచ్చేదాకా ఆఫీసు గదుల చుట్టూ తిరిగిందీ ఆమే. మేనకోడలు వచ్చి తొమ్మిదేళ్ళయింది. చురుకైన పిల్ల. ఒకసారి చూపిస్తే చాలు, చెయ్యి తిరిగిపోయేది. గుడ్లక్క చూపు మసకబారుతున్నకొద్దీ సీసాల మీద సన్నటి నంబర్లు మేనకోడలే చదివేది.

"అత్తా, ఇది ఎనిమిదా మూడా అని అడక్కు, రెండూ కలిపి పదకొండు రాసుకో" అని నవ్వించేది.

"నువ్వు నా కళ్ళే" అనేది గుడ్లక్క. నలుగురిలో కూడా అనేది.

ఆ ఏడాది వానాకాలంలో టైలరు వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి. భుజాల మీద చొక్కా హ్యాంగరుకి తగిలించినట్టు వేలాడుతోంది. హెచ్ఐవీ, దానిమీద టీబీ అన్నారు. ఏడు నెలలుగా మాత్రలు మింగుతున్నాడు. అయినా కళ్ళెలో ఎర్ర పుల్లలు తగ్గలేదు.

"ఒక్కటి మానలేదక్కా" అని అతను సంచిలోంచి పొడుగాటి పట్టీ ఒకటి తీసి కౌంటరు మీద పరిచాడు. ఖాళీ మాత్రల రేకులు, ఒకదానికొకటి కలిపి మిషను మీద కుట్టినవి. నెలకో రంగు దారం. ఏడు రంగులు.

పక్కనే ఉన్న భార్య ముఖం తిప్పుకుంది. "రేకులు కుట్టడం ఎంతసేపు? మాత్రలు మోరీలో వేసి రేకులు కుట్టుకోవచ్చు. జబ్బు సంగతి మూడేళ్ళు నాకు తెలియకుండా దాచిన మనిషికి మాత్రలు దాచడం ఒక పనా?"

టైలరు పట్టీని మడత చెదరకుండా చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. ఆ మడత చూసి గుడ్లక్కకి నమ్మకం కుదిరింది. పనిని అంత శ్రద్ధగా పట్టుకునే చెయ్యి మాత్రలు పారబోయదనిపించింది. కానీ తనకి అనిపించడం రిపోర్టు కాదు. డబ్బా తీసుకుంది, సీసాలో వేసింది.

పదహారో రోజుకే మొలిచింది. టీబీ అయితే ఇంకా ఆలస్యంగా, గరుకుగా, రొట్టెపొడి చల్లినట్టు వస్తుంది. ఇది నున్నగా, పాలిపోయి, మీగడ చుక్కల్లా ఉంది. ఆ మధ్యే వచ్చిన చిన్న కార్డు పరీక్ష కూడా చేసింది. కార్డు మీద చుక్క వేస్తే టీబీకి రెండు గీతలు వస్తాయి. ఒక్కటే వచ్చింది.

ల్యాబు పెద్ద, అందరూ మేడమ్ అనే డాక్టరు, సీసాని వెలుతురుకి పట్టి చూసి తలూపింది. "బాగుందమ్మా. కానీ ఒక్కసారి చాలదు. రెండో కళ్ళె కూడా ఇదే చెప్పాలి. అప్పుడు మందులు మారుద్దాం."

గుడ్లక్క ఆ ఒక్క కాగితాన్నే టైలరుకి చూపించింది. అతను దాన్ని భార్య చేతికిచ్చాడు. ఆవిడ రెండుసార్లు చదివింది, కాగితం తిరగేసి వెనకవైపు కూడా చూసింది. తరవాత అతని చేతిలోంచి సంచి తనే అందుకుని మోసుకెళ్ళింది. ఆ జంట మెట్లు దిగుతుంటే గుడ్లక్క కిటికీలోంచి చూస్తూ నిలబడింది.

మర్నాడే ఆమె కంటి ఆపరేషను. ఇరవై రోజుల సెలవు. క్యాను మేనకోడలికి ఒప్పజెప్పి, మాస్టారు చెప్పినదంతా మళ్ళీ ఒకసారి అప్పజెప్పించింది.

"అత్తా, నిద్రలో లేపి అడిగినా చెప్తాను, నువ్వు వెళ్ళు."

ఆ ఇరవై రోజులూ మేనకోడలు రోజూ సాయంత్రం ఇంటికొచ్చింది. కంట్లో చుక్కలు వేసింది. వంట చేసిపెట్టింది. ల్యాబు కబుర్లు చెప్పింది, ఎవరికి జలుబు, ఎవరికి బదిలీ. కంటికి గంత కట్టుకుని మంచం మీద కూర్చున్న గుడ్లక్క, ఇంతకంటే అదృష్టం ఏం కావాలనుకుంది.

తిరిగొచ్చాక పెట్టెలో సీసాలు ఒక్కొక్కటే మొలవసాగాయి. హెచ్ఐవీ వార్డువే అయిదు. కార్డు మీద అన్నిటికీ ఒక్క గీతే. మేడమ్ సంబరానికి హద్దు లేదు. "టైలరుతో కలిపి ఆరుగురు! ఒకే నెలలో ఇద్దరు దొరకడమే గగనం. దీన్ని పెద్ద సభలో చదవాలి" అని అప్పుడే వ్యాసం మొదలుపెట్టింది.

గుడ్లక్క కొత్త కన్నుతో సీసాలని వరసగా పెట్టి చూసింది. ఆపరేషను తరవాత రంగులు మునుపటికంటే తేటగా కనిపిస్తున్నాయి. అయిదూ నారింజ రంగు. ఒకే నారింజ. వేరు వేరు మనుషుల ఊపిరితిత్తుల్లోంచి వచ్చినవి, ఒకే తానులోంచి కత్తిరించినట్టున్నాయి. టైలరు రెండో సీసా చూసింది. అందులోనూ నారింజే, మీగడ చుక్కలు దాని అడుగున ఎక్కడో కప్పబడిపోయాయి.

ఆమె క్యాను అడుగున మిగిలిన పాత నీళ్ళు ఒక గ్లాసు తీసి, గిర్రున తిప్పే యంత్రంలో పెట్టి, అడుగున దిగిన దాన్ని మూడు కొత్త సీసాల్లో వేసింది. పన్నెండో రోజున మూడిట్లోనూ నారింజ రంగు మొలిచింది.

ఆవిరి యంత్రం వెనక మెకానిక్కు చీటీ అంటించి ఉంది. ఆమె సెలవు పెట్టిన మూడో రోజున చెడిపోయింది, పందొమ్మిదో రోజున బాగుచేశారు. ఆ మధ్య పదహారు రోజులూ క్యాను మాత్రం నిండుతూనే ఉంది.

మేనకోడల్ని సీసాలు కడిగే గదిలోకి పిలిచి తలుపు మూసింది.

"యంత్రం చెడిపోయినప్పుడు నీళ్ళు ఎక్కడివే?"

మేనకోడలు ముందు అర్థం కానట్టు చూసింది. తరవాత మూడు సీసాలు చూసింది.

"కుళాయివి. మెకానిక్కు రేపొస్తా ఎల్లుండొస్తా అన్నాడు అత్తా. డబ్బాలు కుప్పలు పడిపోయాయి. ఉడికించబోతే గంటన్నర. పైపైన కాస్త కలిపాను, అంతే."

"రోజూ సాయంత్రం నా పక్కన కూర్చున్నావు కదే. ఒక్కమాట చెప్పలేకపోయావా? కన్ను కట్టుకునే వచ్చి పట్టేదాన్ని."

"నువ్వు తిడతావని..." కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "ఈ నెల్లోనే నా పర్మనెంటు కాగితం మీద సంతకం పెడుతున్నారు. నేనే చెప్తానత్తా మేడమ్‌కి. రేపు పొద్దున. నువ్వు పక్కన నిలబడు చాలు."

గుడ్లక్క కరిగిపోయింది. తప్పు చేసిన చెయ్యే ఒప్పుకుంటే మచ్చ తక్కువ అనుకుంది. "సరే, నువ్వే చెప్పు. నేనుంటాను. అయిదుగురికీ లేని జబ్బు అంటగట్టాం. అది ముందు తియ్యాలి. టైలరు మొదటి సీసా మాత్రం నేను వెళ్ళకముందుది. అది నిజం. కింది అరలో ఉంది, అది చాలు అతన్ని కాపాడటానికి."

మర్నాడు మేడమ్ గదిలో ఇద్దరూ నిలబడ్డారు. మేనకోడలు చేతులు కట్టుకుని, నేల చూస్తూ మొదలుపెట్టింది.

"మేడమ్, యంత్రం చెడిపోయినప్పుడు నాకేం చెయ్యాలో తెలియలేదు. సాయంత్రం అత్త దగ్గరికి వెళ్ళి అడిగాను. కుళాయి నీళ్ళు కలుపుకోమంది. పెద్దది చెప్పింది కదా అని చేశాను."

గుడ్లక్క ముందు తను సరిగా వినలేదేమో అనుకుంది. గదిలో ఫ్యాను తిరుగుతోంది. మేడమ్ బల్ల మీద వ్యాసం కాగితాలు చివర్లు ఎగురుతున్నాయి.

"ఏమ్మా, నిజమేనా?"

"నేను చెప్పలేదు మేడమ్. నాకు తెలిసిందే నిన్న."

"రోజూ మీ ఇంటికి వచ్చేదని అందరికీ తెలుసు కదమ్మా. ఇంత సంగతి నీకు చెప్పకుండా ఉంటుందా?"

చెప్పకుండానే ఉంది. కంట్లో చుక్కలు వేసిన ఆ సాయంత్రాలన్నీ ఇప్పుడు వరసగా వచ్చి మేనకోడలి పక్కన సాక్షుల్లా నిలబడ్డాయి. గుడ్లక్క పక్కన ఎవరూ లేరు.

"టైలరు మొదటి సీసా చూడండి మేడమ్. అది సెలవుకి ముందుది. అందులో నారింజ లేదు" అంది.

కింది అర ఖాళీగా ఉంది. తుడిచి, ఆరబెట్టి, మందు వాసన కొడుతోంది.

"నిన్న సాయంత్రం పాత సీసాలన్నీ ఉడికించి పడేశాను" అంది మేనకోడలు వెనకనుంచి. "దుమ్ము పేరుకుందని నువ్వే కదత్తా అనేదానివి."

నిన్న సాయంత్రం. అంటే కడుగుగదిలో కళ్ళు తుడుచుకున్న తరవాత. ఆ సీసా కళ్ళముందు పెడితే, అత్త ఉన్నన్నాళ్ళూ నీళ్ళు శుభ్రమేనని తేలిపోతుంది.

మొదటి సీసా రంగు తనకి గుర్తు లేదంటూ మేడమ్ ఆరు రిపోర్టులూ రద్దు చేసింది. వ్యాసం చింపేసింది. గుడ్లక్కని కళ్ళె డబ్బాలు తీసుకునే కౌంటరులో కూర్చోమంది. ల్యాబు తాళాలు మేనకోడలి చేతికి వెళ్ళాయి.

వరండాలో మేనకోడలు వెనకాలే వచ్చింది. "అత్తా, ఆగు. నీకింకా ఎనిమిది నెలలే సర్వీసు. నిన్నేం చేస్తారు? నాకింకా పాతికేళ్ళ సర్వీసుంది. ఇంట్లో చిన్నది ఉంది. నువ్వే నా చోట ఉంటే..."

"నీ చోట నేను ముప్పై నాలుగేళ్ళున్నాను" అంది గుడ్లక్క. ఆ తరవాత చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు.

మూడు రోజులకి టైలరు కౌంటరు దగ్గరికి వచ్చాడు. భార్య దూరంగా బెంచీ మీద కూర్చుంది. సంచి అతని చేతిలోనే ఉంది.

"సోమవారం నుంచి సూదులంటక్కా. మొండి టీబీ అంట. రోజుకొకటి, ఆరు నెలలు. చెవులు పోవచ్చని ముందే సంతకం పెట్టించుకున్నారు." సంచి కౌంటరు మీద పెట్టాడు. "మీరు రాసిన కాగితం చూసి మా ఆవిడ నా చేత్తో అన్నం తింది, ఏడాది తరవాత. ఇప్పుడు అది తప్పు కాగితమంట. నేను చెప్పిందీ అబద్ధమేనంట. మీకేదో పొరపాటు, రాసేశారు, కొట్టేశారు. నన్ను మాత్రం రెండుసార్లు దొంగని చేశారు."

గుడ్లక్కకి తల కొట్టేసినట్టయింది. తనకి జరిగింది చెప్పుకుంటే బరువు తగ్గేది. కానీ అది అతని చెవులకి పనికొచ్చే మాట కాదు.

"నీకు ఉన్నది టీబీ కాదయ్యా. నేను చూశాను. కానీ నా చూపు ఇప్పుడు చెల్లదు. నీళ్ళు తగలని చోటునుంచి తియ్యాలి" అంది.

"అంటే?"

"నీ రక్తంలోంచి."

సత్తువ మరీ తగ్గిన హెచ్ఐవీ మనుషుల్లో ఆ దూరపు చుట్టం ఊపిరితిత్తుల్లో ఆగదు, రక్తంలోకి దిగుతుంది. చేతి నరంలోంచి తీసిన రక్తాన్ని సూదితోనే సీలు వేసిన సీసాలోకి ఎక్కిస్తే, అందులో మొలిచినదానికి కుళాయితో చుట్టరికం ఉందని ఎవరూ అనలేరు. గుడ్లక్క హెచ్ఐవీ వార్డు సిస్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. టైలరుని అందరికంటే ఎక్కువ తిట్టినావిడ ఆవిడే.

"మళ్ళీ మొదలుపెట్టావా గుడ్లక్కా? నీ ల్యాబు కథలు విన్నాంలే."

"నన్ను నమ్మొద్దు సిస్టరమ్మా. సూది నువ్వే గుచ్చు, సీసాలోకి నువ్వే ఎక్కించు, సంతకం వార్డు డాక్టరు చేత నువ్వే పెట్టించు. నేను చెయ్యి కూడా పెట్టను."

సిస్టరమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. "మొలవకపోతే?"

"మొలవకపోతే ఈ ఎనిమిది నెలలూ నీ వార్డు గచ్చు తుడుస్తాను."

"గచ్చు తుడిచేవాళ్ళు మాకున్నార్లే" అంటూనే సిస్టరమ్మ సిరంజి తీసింది.

సోమవారం సూదులు మొదలయ్యాయి. రక్తం సీసా ల్యాబు లోపలికి వెళ్ళింది. గుడ్లక్క కౌంటరులో కూర్చుని డబ్బాల మూతలు సరిచూసింది, నంబర్లు రాసింది. లోపలికి ఒక్కసారి కూడా తొంగిచూడలేదు. టైలరు రోజూ సూదికి వచ్చి ఆమె ముందునుంచే వెళ్ళేవాడు. పదో రోజుదాకా మెట్ల మీద తన భార్య పిలిస్తే వెంటనే తిరిగేవాడు. పదమూడో రోజున ఆవిడ రెండుసార్లు పిలవాల్సి వచ్చింది. గుడ్లక్క అది చూసింది. ఆ పూట టీ తాగలేదు.

పదిహేడో రోజు మధ్యాహ్నం మేనకోడలు కౌంటరు పక్కకి వచ్చి నిలబడింది.

"అత్తా, టైలరు రక్తం సీసా మొలిచింది. రేపు రిపోర్టు రాయాలి. మళ్ళీ తప్పు పడితే నన్ను... ఒక్కసారి చూడవూ?"

గుడ్లక్క రాస్తున్న నంబరు పూర్తి చేసింది. కలం మూత పెట్టింది. లేచి, లోపలికి నడిచి, చేతులు కడుక్కుంది. తొమ్మిదేళ్ళు నేర్పిన చోటే మేనకోడలు అన్నీ అమర్చిపెట్టింది: స్లైడు, రంగుల సీసాలు, కార్డు, పక్కనే కడుగునీళ్ళ క్యాను. క్యాను మీద తెల్ల కాగితం, తేదీ, వేళ, గుండ్రటి అక్షరాలు.

"ఈ నీళ్ళు యంత్రానివే అత్తా. పొద్దున నేనే ఉడికించాను. నా కూతురి మీద ఒట్టు."

గుడ్లక్క క్యాను వైపు చూడలేదు. కోటు జేబులో చెయ్యిపెట్టి గుప్పెడు గాజు ఆంప్యూళ్ళు తీసి బల్ల మీద వరసగా పెట్టింది. ఇంజెక్షన్‌లో కలిపే నీళ్ళు, మెడ దాకా గాజుతో మూసినవి. పదిహేడు రోజులుగా వాటిని జేబులో వేసుకునే వస్తోంది, సిస్టరమ్మని అడిగి తెచ్చుకున్నవి. మొదటిదాని మెడ విరిచింది. ఆ చప్పుడుకి మేనకోడలు ఉలిక్కిపడింది.

స్లైడు వేసింది. రంగు పోసింది. కడగాల్సిన ప్రతిసారీ ఒక కొత్త ఆంప్యూల్ విరిచింది. బల్ల మీద గాజు మెడలు పోగుపడ్డాయి. మేనకోడలు పక్కనే నిలబడి ఒక్కొక్క చప్పుడూ వింది. మైక్రోస్కోపు కింద ఎర్ర పుల్లలు, దండిగా. కార్డు మీద చుక్క వేసి పావుగంట ఆగారు. ఒక్క గీతే వచ్చింది.

"టీబీ కాదు" అంది గుడ్లక్క. "దాని చుట్టమే. అసలు పేరు పెద్ద ల్యాబు చెబుతుంది, గట్టి సీలు వేసి పంపు. ఈలోగా సూదులు ఆపమని మేడమ్‌కి ఇప్పుడే చెప్పు. రేపు కాదు, ఇప్పుడు."

మేనకోడలు రిపోర్టు కాగితం ముందు పెట్టుకుంది. కలం పట్టుకుని ఆగింది. "నీ సంతకం కూడా పెడతావా అత్తా? మేడమ్‌కి నేనే చెప్తాను, నువ్వే చూశావని."

"పోయినసారి కూడా నువ్వే చెప్తానన్నావు."

మేనకోడలి ముఖం ఎర్రబడింది. తలొంచుకుని సంతకం పెట్టింది, తనది ఒక్కటే.

ఆ సాయంత్రమే సూదులు ఆపారు. నెలన్నరకి పెద్ద ల్యాబునుంచి పేరు వచ్చింది, మీగడ రంగుదే, గుడ్లక్క మొదట అనుకున్నదే. మేడమ్ పిలిచి, "నీ చెయ్యి మంచిదమ్మా" అంది. నీళ్ళ సంగతి మళ్ళీ ఎత్తలేదు. కౌంటరునుంచి లోపలికి రమ్మనీ అనలేదు. మేనకోడలికి పర్మనెంటు కాగితం వచ్చింది. ఆ రోజు ల్యాబులో అందరికీ మిఠాయి పంచింది. కౌంటరు మీద పెట్టిన ముక్క సాయంత్రందాకా అలాగే ఉంది, తరవాత వాచ్‌మన్ తిన్నాడు.

గుడ్లక్క ఉద్యోగం ఇంకా రెండు నెలలుందనగా టైలరు వచ్చాడు. చొక్కా భుజాల మీద కూర్చుంది. సంచి భార్య చేతిలో ఉంది. ఎడమ చెవి పోయింది, కుడి చెవి మిగిలింది. మాట వినాలంటే తల ఒకవైపుకి తిప్పాలి.

"సిస్టరమ్మ చెప్పిందక్కా, మీరేం చేశారో. ఆవేళ నేనన్న మాటలు..."

"అన్నావులే. అనకపోతే ఇంకా కౌంటరులో కూర్చుని ఏడుస్తూ ఉండేదాన్ని."

అతనికి సగమే వినపడింది. భార్య కుడి చెవి దగ్గర మళ్ళీ చెప్పింది. అతను నవ్వి, మెడలోంచి టేపు తీశాడు. "కొలతలివ్వండి. మీ కోటు భుజం దగ్గర పిగిలిపోయింది. కొత్తది కుడతాను. వద్దనకండి, ఆవిడే గుడ్డ కొంది."

గుడ్లక్క వద్దనబోయి, భార్య ముఖం చూసి ఊరుకుంది. చేతులు చాచి నిలబడింది. టైలరు భుజాలు కొలిచాడు, పొడుగు కొలిచాడు, భార్య అంకెలు రాసుకుంది.

"జేబులు ఎక్కడ పెట్టమంటారు? మామూలుగా కింద రెండు?"

ల్యాబు తలుపు తెరిచే ఉంది. లోపల మేనకోడలు నీళ్ళ క్యాను మీద కొత్త కాగితం అంటిస్తోంది. గుడ్లక్క అటు చూసి, ఇటు తిరిగింది. అతనికి వినపడేలా కుడి చెవి వైపు వంగింది.

"కింద రెండు పెట్టు. ఇంకోటి లోపలివైపు, సన్నగా, లోతుగా. ఆంప్యూళ్ళు పట్టాలి. బయటికి కనపడకూడదు."